స్విచింగ్ కన్వర్టర్ల హైబ్రిడ్ నియంత్రణ, అండమాన్ గ్రిడ్

సోలార్ పలకలు, బ్యాటరీలు ఇచ్చే కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చేవి స్విచింగ్ కన్వర్టర్లు. వీటిలోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతాయి. స్విచ్ స్థితి ఒక్కసారిగా మారిపోతుంది. ఇండక్టర్‌లోని కరెంటు, కెపాసిటర్ మీది వోల్టేజి మాత్రం ఎడతెగకుండా మారుతుంటాయి. ఈ రెండు రకాల మార్పులనూ ఒకే గణిత నమూనాలో ఇమిడ్చి, స్విచ్ ఎప్పుడు మారాలో తేల్చే పద్ధతే హైబ్రిడ్ నియంత్రణ.

12 వోల్టులను 24కు పెంచే బూస్ట్ కన్వర్టర్‌ను చూద్దాం. స్విచ్ ఆన్‌లోనే ఉంచితే ఇండక్టర్ కరెంటు పెరుగుతూ పోతుంది, అవతల లోడు దగ్గర వోల్టేజి హరించుకుపోతుంది. ఆఫ్‌లోనే ఉంచితే అవుట్‌పుట్ 12 దగ్గర ఆగిపోతుంది. 24 వోల్టులు ఈ రెండు స్థితుల్లో దేనిలోనూ నిలవవు. వాటి మధ్య తిరుగుతున్నంతసేపే ఉంటాయి. నియంత్రణలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కును మొదట సగటుతో దాటారు. 1976లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో మిడిల్‌బ్రూక్, చుక్‌లు రెండు స్థితుల సమీకరణాలనూ కాలాన్ని బట్టి కలిపి ఒకే నమూనా చేశారు. చిన్న ఒడిదుడుకులకు అది ఎంతో నమ్మదగినది, నేటికీ వాడుకలో ఉంది. కన్వర్టర్ మొదలయ్యేటప్పుడు, లోడు ఒక్కసారిగా పడిపోయినప్పుడు సగటు మీద ఆధారపడటం కష్టం. అందుకే సోవియట్ యూనియన్‌లో ఎదిగిన స్లైడింగ్ మోడ్ సిద్ధాంతాన్ని (వ్యవస్థ ఎంచుకున్న ఒక తలం మీదే నడిచేలా స్విచ్‌ను మార్చే పద్ధతి) 1985లో వెంకటరమణన్, షబనోవిచ్, చుక్ కన్వర్టర్లకు అన్వయించారు. 2004 నుంచి జ్యూరిక్‌లో గేయర్, పపఫోటియూ, మొరారి హైబ్రిడ్ నమూనా మీద ముందుచూపు నియంత్రణ నిర్మించారు. 2010లో బ్రెజిల్ పరిశోధకులు డియేక్టో, జెరోమెల్ బృందం వ్యవస్థ కోరిన స్థితికి ఎంత దూరంలో ఉందో కొలిచే లియపునోవ్ ప్రమేయాలతో స్విచింగ్ నియమాన్ని నేరుగా రూపొందించింది.

ఈ సిద్ధాంతం ఎవరికి అవసరమో దక్షిణ అండమాన్ చూస్తే తెలుస్తుంది. తెలుగు కుటుంబాలున్న చేపల రేవు జంగ్లీఘాట్ చుట్టూ ఉన్న శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) దేశపు గ్రిడ్‌తో తీగ సంబంధం లేని నగరం. చాలాకాలం భారమంతా డీజిల్‌దే. 2003లో హైదరాబాద్ కంపెనీ సూర్యచక్ర బంబూఫ్లాట్‌లో పెట్టిన 20 మెగావాట్ల కేంద్రం అలాంటి డీజిల్ కేంద్రాల్లో ఒకటి. 2013లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ గరాచర్మలో 5 మెగావాట్ల సోలార్ కేంద్రం తెచ్చింది. 2020 నాటికి మరో ప్రభుత్వ సంస్థ ఎన్ఎల్‌సీ 20 మెగావాట్ల సోలార్‌కు 8 మెగావాట్ గంటల బ్యాటరీని జత చేసింది. అంత సామర్థ్యం ఊరికి రాత్రంతా వెలుగివ్వడానికి చాలదు; మబ్బు కమ్మితే పడే గండిని డీజిల్ సెట్లు అందుకునేదాకా పూడ్చడానికే.

పెద్ద గ్రిడ్‌లో వేలాది టర్బైన్ల బరువైన చక్రాల జడత్వం పౌనఃపున్యాన్ని నిలబెడుతుంది. ఇక్కడ ఆ ఆసరా తక్కువ కాబట్టి ఇన్వర్టర్ (గ్రిడ్‌కు ఏసీ కరెంటు ఇచ్చే కన్వర్టర్) రెండు పాత్రలు పోషించాలి: గ్రిడ్ బాగుంటే దాన్ని అనుసరించడం, అది తడబడితే తానే వోల్టేజిని నిలబెట్టడం. ఇదీ హైబ్రిడ్ సమస్యే: ఒక పాత్రలో నిలకడగా ఉన్న నియంత్రణ, మరో పాత్రలో నిలకడగా ఉన్న నియంత్రణ, వాటి మధ్య తొందరతొందరగా మారుతుంటే కలిసి అస్థిరం కావచ్చు. అందుకే ఒక్కో స్థితిలో కనీసం కొంతసేపు ఉండి తీరాలని నియమం పెడతారు. ఆ వ్యవధి మరీ పొడవైతే, మబ్బు దాటే లోపే పౌనఃపున్యం పడిపోయి కొన్ని ఫీడర్లకు (వీధులకు కరెంటు చేర్చే లైన్లకు) సరఫరా కోయాల్సి వస్తుంది.