సైలెన్సర్ కథ, మన పిల్లోళ్ళ కథ

మేము బడిలో చదివింది అరవం, తెలుగు ఇంట్లో నేర్చింది. రాతలో తప్పులుంటే దిద్దుకొని చదవండి.

పోయిన వారం మన సభ్యుడొకరు కొడుకును వెంటబెట్టుకొని వచ్చినారు. బండికి సౌండు సైలెన్సర్ బిగించినాడని పోలీసులు పట్టినారంట. "అన్నా, మీరైనా నాలుగు తిట్టండి" అన్నారు. తిట్టడానికి మాకు నోరు రాలేదు. ఎందుకో చెప్తాము.

మన మద్రాసుకు ఈ మోజు కొత్త కాదు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినారు. తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారైనాయి. ఆ శబ్దం వింటూ పెరిగినోళ్ళం మేము. బీఎస్ఏ గోల్డ్‌స్టార్ అనే ఇంగ్లీషు బండి పేరు మీద "గోల్డ్‌స్టార్" సైలెన్సర్ అని నేటికీ కొంటున్నారు.

1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, టూ స్ట్రోక్. రైల్వే ఆఫీసులో మేము నలుగురం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాము. కొత్త సైలెన్సర్‌కు డబ్బు లేదు. వెనక బోల్టు విప్పి లోపలి జాలీ గొట్టం పీకేస్తే సరి, పైసా ఖర్చు లేదు! శబ్దం వీధి చివరకు వినిపించింది. కానీ సిగ్నల్ దగ్గర బండి లాగలేదు, పెట్రోలు ఎక్కువ తాగింది.

కారణం ముసలి మెకానిక్ ఒకాయన చెప్పినారు. టూ స్ట్రోక్‌లో పొగతోబాటు కాలని పెట్రోలు కూడా కొంత బయటికి జారుతుంది. సైలెన్సర్ లోపలి ఆకారం ఒత్తిడి అలను వెనక్కి కొట్టి, దాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి తోస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ విద్యకు పదును పెట్టినాడు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి సుజుకీలో చేరినాడు. మరుసటి ఏడే సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచినాడు. దేశాలు దొంగిలించిన విద్యను మేము స్పానర్‌తో పీకి పారేసినామన్నమాట.

ఆయన మా జాలీని పారేయనీయలేదు. పేరుకున్న ఆయిల్ మసిని నిప్పులో కాల్చి, గీకి, మళ్ళీ బిగించినారు. బండి కొత్తదానిలా లాగింది. చవకగా చేయదగిన పని అదొక్కటే అని ఆనాడు తెలిసింది.

ఆ రోజుల్లో పక్కింటి అవ్వ ఒకటే మాట అడిగేది: "నైనా, రాత్రి డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బండి తోసుకొని రారాదా?" అది నవ్వులాట అనుకున్నాము. ఆమెకు నిద్ర పట్టేది కాదని ఆమె పోయినాక తెలిసింది. అది ఇంకా గుచ్చుతుంది.

ఇప్పుడు చట్టం గట్టిది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలి. 2019 సవరణ తరువాత శబ్ద కాలుష్యానికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉన్నాయి.

ఆ పిల్లోడు కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుముకు వేసేసినాడంట. ఆదివారం పుదుపేట పోయి ఒకటి వెతుకుతాము, వాడితో. తిట్టడానికి కాదు. మనకు తెలిసినది చెప్పడానికి.

ఉంటాము.