మస్కాడే: చలి, వర్తకం, పీపా అడుగు మడ్డి

లువార్ నది అట్లాంటిక్‌లో కలిసే ముందు దాటే పెద్ద రేవు నాంత్. ఆ నగరానికి దక్షిణాన, తూర్పున పండే తెల్ల వైన్ మస్కాడే. ఫ్రాన్సులోని పేరున్న వైన్లలో చాలావాటి వెనుక మఠాలో, రాజాస్థానాలో కనిపిస్తాయి. మస్కాడే చరిత్రలో మాత్రం అంతకంటే పెద్ద పాత్ర వర్తకులది, ఒక భయంకరమైన చలికాలానిది.

17వ శతాబ్దం ఆరంభంలో మచిలీపట్నంలో స్థావరం పెట్టి అద్దకపు బట్టలు కొన్న డచ్చివారు, అదే కాలంలో ఐరోపా పశ్చిమ తీరంలో వైన్ వ్యాపారానికీ పెద్దలు. తేలికపాటి వైన్ ఓడలో త్వరగా చెడిపోయేది. దాన్ని కాచి బ్రాందీ చేస్తే చెడదు, చోటూ తక్కువ పడుతుంది. బ్రాందీకి వాడే వైన్‌లో సువాసన వెతకరు. పులుపు, పరిమాణం ఉంటే చాలు. అందుకే వాళ్ల గిరాకీని నమ్ముకుని నాంత్ రైతులు తెల్ల ద్రాక్ష వైపు మళ్లారు. ఫోల్ బ్లాంష్, మెలోన్ అనే రకాలు అలా విస్తరించాయి.

ఇప్పుడు మస్కాడే తయారయ్యేది మెలోన్‌తోనే. దాని పుట్టిల్లు బర్గండీ. 1999లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం పినో, గూయె బ్లాన్ దాని తల్లిదండ్రులు. శార్డొనే దానికి తోబుట్టువు. శార్డొనేకు బర్గండీలోనే పట్టం దక్కింది. మెలోన్‌కు అక్కడ ఆదరణ కరవై, సముద్రపు ఒడ్డున కొత్త ఊరు దొరికింది.

1709 జనవరి చలి ఆ ఊరిని దానికి శాశ్వతం చేసింది. ఐరోపా అంతటా నదులు గడ్డకట్టాయి, నాంత్ పరిసరాల్లో తోటలు చాలావరకు నాశనమయ్యాయి. తిరిగి నాటే వేళ రైతులు చలిని తట్టుకునే, త్వరగా పండే మెలోన్‌కే మొగ్గు చూపారు. 19వ శతాబ్దం చివర ఫిలాక్సెరా పురుగు మళ్లీ తోటలను మట్టుబెట్టినా, అమెరికన్ వేరుమొక్కలపై అంటుకట్టి ఈ రకాన్నే నిలబెట్టుకున్నారు. 1936లో మస్కాడే పండే సెవ్ర్-ఎ-మేన్ ప్రాంతానికి నియంత్రిత నామం, అంటే ప్రాంతం పేరుకు చట్టరక్షణ, దక్కింది.

మెలోన్ రసానికి పెద్ద సువాసన లేదు. కాచే వైన్‌కు అది లోపం కాదు, తాగే వైన్‌కు లోపమే. దానికి జవాబు రైతుల నేలమాళిగల్లోనే దొరికింది. పెళ్లిళ్లకు, పండుగలకు దాచిన పీపాను అడుగు మడ్డిమీదే కదపకుండా ఉంచితే వైన్ తాజాగా, నాలుకకు నిండుగా తోచేది. పులిసిన తర్వాత అడుగుకు చేరిన ఈస్ట్ కణాలు మెల్లగా కరిగి రుచికి నిండుదనం ఇస్తాయి. మిగిలిన కార్బన్ డయాక్సైడ్ చిరుబుడగగా తెలుస్తుంది. ‘సూర్ లీ’ అనే ఈ పద్ధతికి 1977లో నిబంధనలు ఏర్పడ్డాయి. ఆ వైన్ కనీసం ఒక చలికాలం మడ్డిమీద గడపాలి.

ఈ నిరాడంబరత భోజనాల బల్లమీద గుణమైంది. బ్రిటనీ తీరపు పచ్చి ఆయిస్టర్లకు, మస్సెల్స్‌కు నిమ్మరసం చేసే పనినే మస్కాడే పులుపు చేస్తుంది. సుగంధం తక్కువ కాబట్టి సముద్రపు ఉప్పదనాన్ని కప్పెయ్యదు. ఎర్ర వైన్‌తో అవే తింటే నోట్లో లోహపు చేదు తగలవచ్చు. నాంత్ దగ్గర లువార్ ఒడ్డున 19వ శతాబ్దం చివర క్లెమాన్స్ లెఫెవ్ర్ అనే వంటమనిషి చేసిందని చెప్పే బర్ బ్లాన్, చిన్న ఉల్లి, వెనిగర్, వెన్నతో చేసే సాస్. నదిచేపపై పోసే ఆ వెన్న బరువును కూడా ఈ వైన్ పులుపే తేలిక చేస్తుంది.

ఆయిస్టర్లకు తోడన్న పేరు అమ్మకాలను పెంచింది, అమ్మకాలు నాణ్యతను తగ్గించాయి. 20వ శతాబ్దం చివర దిగుబడికే విలువిచ్చిన పల్చటి వైన్ మార్కెట్‌ను ముంచెత్తింది. 1991 ఏప్రిల్ మంచు పంటను దెబ్బతీసి ధరలు పెంచగా, కొనుగోలుదారులు ఇతర వైన్ల వైపు వెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో తోటల విస్తీర్ణం బాగా తగ్గింది.

కోలుకునే ప్రయత్నం నేల పేరుతో మొదలైంది. 2011లో క్లిసాన్, గోర్జ్, ల పాలే గ్రామాలకు ప్రత్యేక క్రూ హోదా, అంటే సీసాపై తమ పేరు వేసుకునే గుర్తింపు, లభించింది. క్లిసాన్‌లో గ్రానైట్, గోర్జ్‌లో గాబ్రో రాయి. వాటి వైన్లు ఏడాదిన్నర, రెండేళ్లు, అంతకు మించీ మడ్డిమీద ఉంటాయి. డచ్చివారు అడిగింది పరిమాణం, ఆయిస్టర్ దుకాణాలు అడిగింది తాజాదనం. ఈ రైతులు అమ్ముతున్నది కాలాన్ని. మూడు దశల్లోనూ ద్రాక్ష ఒకటే. కొనేవాడి అవసరం మారినప్పుడల్లా దాని విలువ కూడా మారింది.