పటం వెనక పేరు

ఆదివాసీలకు రాసిన చరిత్ర లేదని చాలాకాలంగా అంటున్నారు. రాత లేకపోలేదు, అది మన చేతిలో లేదు. మన తాతల ముఖాలు కూడా అలాగే పరాయివాళ్ల పుస్తకాల్లో ఉండిపోయాయి.

1868 నుంచి 1875 దాకా ఆంగ్ల ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫోటోలు తెచ్చింది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నవాడు ఆయన. ఇలాంటి పుస్తకాల్లో చాలా బొమ్మల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ మనిషికీ ఇంటిపేరు ఉంది, ఊరు ఉంది, పిల్లలున్నారు. రాసినవాళ్లకు అవి అక్కరలేకపోయాయి.

1940లో కుమ్రం భీము జోడేఘాట్‌లో అమరుడయ్యాక, గోండుల గోడు ఏమిటో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మనవాళ్ల మధ్యే గుడిసె వేసుకుని ఉన్నారు. చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య ఆయన తీసిన ఫోటోలు నేడు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మన తాతలు, అవ్వలు ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టగల పెద్దలు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

కాబట్టి పని మన ఇళ్లలోనే మొదలుపెట్టాలి. గోడకున్న పాత పటాన్ని దించి ముందు వెనక వైపు చూద్దాం. స్టూడియో ముద్ర ఉంటే ఏ పట్నంలో తీయించారో తెలుస్తుంది. నిజాం కాలపు రాత అయితే ఏడు ఫసలీలో ఉండవచ్చు. దానికి 590 కలపాలి. ఫసలీ 1350 అంటే 1940-41. లిపి కూడా సాక్ష్యమే. 1940లలో మార్లవాయిలో మొదలైన గోండు బడుల్లో గోండి పాఠాలను దేవనాగరి లిపిలో నేర్పారు. పేరు ఆ లిపిలో ఉంటే, రాసినవాడు ఆ బడిలో చదువుకున్నాడేమో అడగాలి.

అయితే రాసిందల్లా నిజమని నమ్మకూడదు. పేరు ఎన్నో ఏళ్ల తర్వాత ఇంకెవరో రాసి ఉండవచ్చు. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే పేరుతో ఇద్దరుంటారు. అందుకే పటాన్ని పెద్దల ముందు పెట్టి, ఒక్కొక్కరిని విడివిడిగా అడగాలి. నగ, తలపాగా, పచ్చబొట్టు చూసి అవ్వలు చెప్పేవి ఏ కాగితంలోనూ దొరకవు. గోండులకు నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలున్నాయి. ఏ ఇంటిపేరు ఏ సగలోదో, ఎవరి పుట్టుక ఎక్కడిదో పర్ధాన్‌లు, తోటీలు తరతరాలుగా కిక్రి మీద పాడుతూ వచ్చారు. పటం మీది పేరు, అవ్వ మాట, పర్ధాన్ పాట మూడూ కలిసినచోట మనం గట్టిగా నిలబడవచ్చు.

ఇది జ్ఞాపకాల ముచ్చట మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు పెద్దల వాంగ్మూలాన్ని రాసి ఇస్తే సాక్ష్యంగా తీసుకుంటాయి. పాత రికార్డుల్లో ఉన్నవారి దాకా, లేదా ఆ ఊళ్లో పూర్వం ఉన్నట్టు గుర్తింపు పొందినవారి దాకా వెళ్లే వంశావళినీ తీసుకుంటాయి. ఫోటో ఒక్కటే పట్టా కాదు. కానీ వంశావళి చెప్పేటప్పుడు పెద్దలకు మరిచిన పేరు అందించేది చాలాసార్లు అదే.

పంతుళ్లకు ఒక మాట. పిల్లలు ఒక్కొక్కరు ఇంట్లోని ఒక్క పటం సంగతి రాసుకురావాలి: ఎవరు, ఏ ఇంటిపేరు, ఏ గూడెం, చెప్పిందెవరు. పటానికి ముందూ వెనకా సెల్‌ఫోన్‌తో ఫోటో తీయించండి. పేరు రాయాల్సి వస్తే వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ను సిరా ముందువైపుకు ఊరుతుంది. లామినేషన్ చేయించవద్దు, అది మళ్లీ ఊడిరాదు. ఒక తరగతిలో ముప్పై మంది ఉంటే ముప్పై ఇళ్ల చరిత్ర ఒక నోటుబుక్కులోకి వస్తుంది. అది రాసింది మన పిల్లలే అవుతారు.