ఎగిరే బిళ్ళకి గురి: క్లే షూటింగులో కొన్ని మెళకువలు

అమెరికాలో మనవాళ్ళ వారాంతపు ఆటలంటే క్రికెట్టు, టెన్నిస్, కాస్త సీనియర్లయితే గోల్ఫు. ఈ జాబితాలోకి మెల్లగా క్లే షూటింగు కూడా వచ్చి చేరుతోంది. ఆఫీసు వాళ్ళు టీమ్ ఔటింగ్ అని తీసుకెళ్తారు, మొదటి రోజు పాతిక బిళ్ళల్లో నాలుగో అయిదో పగుల్తాయి, అక్కణ్ణించి పిచ్చి పట్టుకుంటుంది. అలా పట్టుకున్నవాళ్ళకి పనికొస్తాయని, టెక్సస్‌లో కొన్నేళ్ళుగా ఆడుతూ నేర్చుకున్న సంగతులు రాస్తున్నాను. నేను కోచ్‌ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అందుకే కాస్త లెక్కలు కూడా ఉంటాయి, భరించండి.

పేరుకి క్లే అంటారు గానీ ఇది మట్టి కాదు. సున్నపురాయి పొడిని తారులాంటి పిచ్‌తో కలిపి అచ్చుపోసిన బిళ్ళ. వెడల్పు 108 మిల్లీమీటర్లు, బరువు సుమారు 100 గ్రాములు. మరమీద పెట్టి విసిరితే గిర్రున తిరుగుతూ పోతుంది. ఆట ముఖ్యంగా మూడు రకాలు. ట్రాప్‌లో బిళ్ళ మన ముందునించి దూరంగా పారిపోతుంది, ఏ కోణంలో వస్తుందో ముందు తెలియదు. స్కీట్‌లో రెండు పక్కలా ఉన్న గదుల్లోంచి ఎప్పుడూ ఒకే దారిలో వస్తుంది, 8 చోట్ల నిలబడి కొట్టాలి. స్పోర్టింగ్ క్లేస్ అయితే గోల్ఫులాగా చెట్ల మధ్య తిరుగుతూ ఒక్కో చోట ఒక్కో రకంగా ఆడతారు. ట్రాప్, స్కీట్ రెండూ ఒలింపిక్ క్రీడలే. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్‌లో ఆడిన కైనన్ చెనాయ్ మన హైదరాబాదు వాడే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచాడు.

టెక్నిక్‌లోకి వెళ్ళేముందు వీసా సంగతి. దీన్ని మాత్రం దాటేసి చదవకండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. "తుపాకి నాది కాదుగా, రేంజిలో అద్దెకిచ్చారు" అన్న మాట చెల్లదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిల్లో మనకి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. స్టేటస్ పోయినవాళ్ళకి మాత్రం హంటింగ్ లైసెన్సు ఉన్నా లాభం లేదు. ఫ్లోరిడాలో ఒక విదేశీ విద్యార్థి స్టేటస్ పోయాక రేంజికి వెళ్ళి కాల్చినందుకు కేసయి, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాల్సిందేనని 2019లో కోర్టు తీర్పు చెప్పింది, నిషేధం మాత్రం అలాగే ఉంది. 2022నించి శిక్ష 15 ఏళ్ళ దాకా పడవచ్చు. ఇమిగ్రేషన్ చిక్కులు దానికి అదనం. ఇవి కాక రాష్ట్రాల నిబంధనలు వేరు. న్యూజెర్సీ, ఇల్లినాయ్‌లలో తుపాకి కొనాలంటే విడిగా కార్డు తీసుకోవాలి. నేను హెచ్-1బి మీద ఉండగానే మొదలుపెట్టాను కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి వెళ్ళి, లైసెన్సు తీసుకుని, ఆ తర్వాతే తుపాకి ముట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా తినని నా దగ్గర వేట లైసెన్సు చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు. అనుమానం ఉంటే టీమ్ ఔటింగ్‌కి ముందే లాయర్ని అడగండి.

సరే, అసలు విషయానికి వద్దాం. రైఫిల్‌తో గురి పెడతాం. షాట్‌గన్‌తో గురి పెట్టం, వేలు పెట్టి చూపించినట్టు చూపిస్తాం. తేడా ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 20 మీటర్ల దూరంలో బిళ్ళ మన ముందునించి అడ్డంగా సెకనుకి 18 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. సీసపు గుళ్ళు అక్కడికి చేరడానికి సుమారు సెకనులో 15వ వంతు పడుతుంది. ఆలోగా బిళ్ళ 1.2 మీటర్లు, అంటే దాదాపు 4 అడుగులు ముందుకి పోతుంది. సరిగ్గా బిళ్ళ మీదకి కాలిస్తే గుళ్ళు దాని వెనక గాలిలోకి పోతాయన్నమాట. ఈ ముందు వదలాల్సిన దూరాన్నే లీడ్ అంటారు.

ఇక్కడే మన ఇంజనీర్లకి కష్టం వస్తుంది. లెక్క తెలిసింది కదా అని బారెల్ చివర చూసి, బిళ్ళని చూసి, మధ్య నాలుగడుగులు కొలవబోతాం. కొలిచే ఆ క్షణంలో తుపాకి ఆగిపోతుంది. అడ్డంగా పోయే బిళ్ళలు తప్పినప్పుడు చాలామటుకు వెనకనించి తప్పేది ఇందుకే. బ్యాట్స్‌మన్ బంతిని చూస్తాడు గానీ బ్యాటుని చూడడు కదా, ఇదీ అంతే. చూపు మొత్తం బిళ్ళ మీద, వీలైతే దాని ముందు అంచు మీద ఉండాలి. బారెల్ కంటి కొసన మసగ్గా కనిపిస్తే చాలు. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించిందంటారు. ఆయన పిట్ట కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఉందనుకోండి, అది వేరే సంగతి.

చూపు గురించి చెప్పాను కాబట్టి కళ్ళ సంగతి. మనకి ఒక కన్ను పెత్తనం చేస్తుంది. అది ఏదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి రెండు కళ్ళతోనూ గోడ గడియారాన్ని చూడండి. తర్వాత ఎడమ కన్ను మూయండి. గడియారం అక్కడే ఉంటే మీది కుడి కన్ను, మాయమైతే ఎడమ. కుడి భుజం మీద తుపాకి పెట్టేవాళ్ళకి ఎడమ కన్ను పెత్తనమైతే బిళ్ళలు ఎందుకు తప్పుతున్నాయో ఎంతకీ అర్థం కాదు. ఎడమ భుజానికి మారడం ఒక మార్గం. షూటింగ్ కళ్ళద్దాల్లో ఎడమ అద్దం మీద, ఆ కంటికి ఎదురుగా, చిన్న టేపు ముక్క అతికించడం సులువైన మార్గం. రెండు కళ్ళూ తెరిచి కాల్చగలిగితే దూరం, వేగం బాగా తెలుస్తాయి.

షాట్‌గన్‌కి వెనక గురి చూసే పరికరం ఉండదు, మన కన్నే ఆ పరికరం. అందుకే చెంప తుపాకి కట్టెకి ప్రతిసారీ ఒకే చోట ఆనాలి. తల వంచి తుపాకి దగ్గరికి పోకూడదు, తుపాకినే చెంప దగ్గరికి తెచ్చి, భుజానికి ఆనించాలి. పగిలిందా లేదా అని చూడ్డానికి చాలామంది తల ఎత్తేస్తారు. కన్ను పైకి లేస్తే గుళ్ళు పైనించి పోతాయి. ఇంట్లో సాధన చెయ్యాలంటే తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడా సీలింగూ కలిసే గీత వెంబడి బారెల్‌ని నడిపించండి. రోజుకి పది నిమిషాలు చాలు, పైగా ఖర్చు లేదు.

నిలబడేటప్పుడు బరువు కొంచెం ముందు కాలి మీద ఉండాలి. శరీరం బిళ్ళ ఎక్కడ పగలాలో అటు తిరిగి ఉండాలి, అది బయల్దేరే చోటుకి కాదు. తుపాకిని నడుముతో తిప్పాలి, చేతులతో లాగకూడదు. స్కీట్‌లో గదికీ మైదానం మధ్యకీ నడుమ మూడోవంతు దూరంలో బారెల్ పెట్టుకుని, చూపు మాత్రం ఇంకా వెనక్కి, గది వైపు పంపితే బిళ్ళ గీతలా కాక బిళ్ళలాగే కనిపిస్తుంది. మరీ గది దగ్గర పెడితే అది మనల్ని దాటిపోయి, దాని వెనక పరిగెత్తాల్సొస్తుంది.

లీడ్ ఇవ్వడానికి పద్ధతులు చాలా చెప్తారు, రెండు తెలిస్తే చాలు. బిళ్ళ వెనకనించి వేగంగా వచ్చి, దాన్ని దాటుతూ కాల్చేది స్వింగ్ త్రూ. మొదటినించీ బిళ్ళకి ముందే ఉండి, దాని వేగంతోనే నడుస్తూ కాల్చేది మెయింటెయిన్డ్ లీడ్. నా మటుకు ట్రాప్‌కి మొదటిది, స్కీట్‌కి రెండోది. ఏదైనా సరే, ట్రిగ్గర్ నొక్కాక కూడా తుపాకి కదుల్తూనే ఉండాలి.

తప్పిన ప్రతిసారీ చోక్ మార్చడం, తూటా మార్చడం, తుపాకి మార్చడం మనవాళ్ళకి సరదా. బగ్ వెతికేటప్పుడు నాలుగు చోట్ల ఒకేసారి కోడ్ మారుస్తామా? 12 గేజ్ తూటాలో ఒక ఔన్సు 8 నంబరు గుళ్ళంటే 400 పైచిలుకు ఉంటాయి, సామాను లోటేమీ లేదు. ముందు పెద్ద కాగితం మీద కాల్చి తుపాకి మీరు చూసిన చోటుకే కొడుతోందో లేదో చూసుకోండి. తర్వాత స్కీట్‌లో 7వ స్థానం దగ్గర లో హౌస్ బిళ్ళతో మొదలుపెట్టండి. అది దాదాపు తిన్నగా దూరం పోతుంది, లీడ్ గొడవ లేదు. అక్కడ పదికి తొమ్మిది పగిలాక పక్క స్థానానికి జరగండి. ఏ స్థానంలో ఏ గది బిళ్ళ తప్పిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. భుజం వెనక నిలబడి చూసే స్నేహితుడు దొరికితే ముందు తప్పిందా, వెనకా అన్నది అతనే చెప్తాడు.

చెవులకీ కళ్ళకీ రక్షణ లేకుండా మైదానంలోకి రానివ్వరు, ఆ సంగతి వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళు చెప్పనిది సీసం గురించి. తూటాల సీసం చేతులకీ బట్టలకీ అంటుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకండి. ఇంటికెళ్ళగానే చొక్కా మార్చి విడిగా ఉతకండి, చంటిపిల్లల్ని ఎత్తుకునేది ఆ తర్వాతే.