అత్యవసరావతరణ విద్య

ఇంజను లేకుండ దిగుట మానవుడు ఇంజనుతో ఎగురుటకంటె ముందే నేర్చెను. కిటీహాక్ ఇసుకదిబ్బలపై 1902లో గ్లైడరుతో వందలకొలది పర్యాయములు జారి దిగి, గాలి పోకడను ఒడలికి పట్టించుకొన్న తరువాతనే రైటు సోదరులు 1903 డిసెంబరు 17వ తేదీన మోటారు విమానమును లేపిరి. మోటారు ఆగుట వారికి పూర్వపరిచితమైన స్థితియే. వారి తరువాత వచ్చినవారు మోటారుతోనే విద్యారంభము చేసిరి గనుక, అది ఆగినంతనే ఏమియు తోచని స్థితికి వచ్చిరి.

ఆనాటి ఇంజన్లు ఎప్పుడు ఆగునో బ్రహ్మకైనను తెలియదు. 1909 జులై 19న ఇంగ్లీషు కాలువను దాటబోయిన హ్యూబర్ట్ లాథము అను వైమానికుడు నడికడలిపై ఇంజను చెడగా, విమానమును నీటిమీదికి నెమ్మదిగా దించి, దానిమీదనే కూర్చుండి సిగరెట్టు కాల్చుచు పడవకై ఎదురుచూచెనట. ఆరు దినముల పిమ్మట బ్లేరియో అను మరియొక వైమానికుడు కాలువను దాటి కీర్తినంతయు కొనిపోయెను. కాని దిగుటను విద్యగా చూచువారికి లాథము తక్కువవాడు కాడు.

మొదటి ప్రపంచ సంగ్రామమున వేలకొలది యువకులను త్వరత్వరగా వైమానికులను గావింపవలసివచ్చినపుడు ఈ విద్యాలోపము ప్రాణాంతకమయ్యెను. నేల విడిచిన కొద్ది క్షణములకే ఇంజను మూగవోయి, ఎదుట చెట్లును ఇండ్లును కనబడుచుండగా, వెనుకనున్న విశాలమైన మైదానము రమ్మని పిలిచినట్లుండును. ఆ పిలుపు విని మరలినవారిలో అనేకులు మరణించిరి. కారణము గహనమైనది కాదు. మలుపునకై విమానము ఎంత ఒరగునో రెక్కలు మోయవలసిన భారము అంత పెరుగును. 45 డిగ్రీలు ఒరిగినపుడు, రెక్కలు గాలిపట్టును కోల్పోవు వేగము సుమారు ఐదవవంతు హెచ్చును. వేగమును పెంచుకొనుటకు ఇంజను లేదు, కోల్పోవుటకు ఎత్తు లేదు. అట్టి స్థితిలో ఒక రెక్క జారి విమానము సుడి తిరుగుచు కూలును. అందుచేతనే ముక్కు దించి, ఎదుట దొరికిన చోటనే దిగవలెనను నియమము ఏర్పడినది. బుద్ధికి తేలికగా తోచు ఈ మాట చేతికి మిక్కిలి కష్టము. నేల మీదికి వచ్చుచుండగా ముక్కును పైకెత్తవలెనని తోచుట సహజము గాని దించవలెనని తోచుట సహజము కాదు.

ఆ అసహజమును అలవాటుగా మార్చిన ఘనత విశేషముగా రాబర్ట్ స్మిత్-బారీది. ఇంగ్లండు దక్షిణతీరమున గాస్పోర్టు వద్ద 1917లో ఆయన నడపిన శిక్షణాలయమున, విద్యార్థిని అపాయస్థితులనుండి దాచుటకు బదులు బుద్ధిపూర్వకముగా వానిలో ప్రవేశపెట్టి, బయటపడు పనిని ఆ విద్యార్థిచేతనే చేయించెడివారు. అవ్రో 504 విమానమున రెండు ఆసనములకును చోదనసాధనములు ఉండెను; ఇంజను హోరులో గురువు మాట శిష్యుని చెవి చేరుటకు ఒక గొట్టమును అమర్చిరి. యుద్ధవిమానములను గూర్చి గ్రంథములు వ్రాసిన చరిత్రకారులు ఈ గొట్టమునకు రెండు పంక్తులైనను కేటాయింపకపోవుట నాకు వింతగా తోచును.

1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ అను విమానము ఈ పద్ధతికి చిరకాల వాహనమయ్యెను. దానికి స్వయముగా ఇంజను తిప్పుకొను సాధనము లేదు. నేలమీద ఒకడు నిలిచి చేతితో పంఖమును త్రిప్పవలెను. గాలిలో పంఖము నిలిచిపోయినచో త్రిప్పువా డెవడు? విమానవిద్య మన దేశమునకును వచ్చెను; 1928 నుండి ఢిల్లీ, బొంబాయి మొదలగు నగరములలో ఫ్లయింగ్ క్లబ్బులు వెలసెను. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా పైలట్ లైసెన్సు పొందెను. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున హైదరాబాదు బేగంపేటలోను ప్రాథమిక శిక్షణ సాగెను. ఇంగ్లండు పాఠములలోని పచ్చిక బయళ్లు దక్కను పీఠభూమిలో ఎక్కడివి? నీరుపెట్టిన వరిమడిలో చక్రములు దిగబడి విమానము తలక్రిందులగును. కోసిన మడియైనను గట్లకు అడ్డముగా దిగరాదు, వాని వెంబడియే దిగవలెను. ఎండిన చెరువుగర్భము మేలు, నల్లరాతి గుండ్లు యముని భటులు. గాలివాటము తెలుపుటకు పల్లెలో లేచు పొగయే దిక్కు.

ఇంజన్లు నమ్మదగినవైన పిమ్మట ఆపద అరుదయ్యెను. గురువు ఇంజను శక్తిని తగ్గించు మీటయైన థ్రాటిలును వెనుకకు లాగి ఆపదను నటింపవలసివచ్చెను. ఈ నటనలో ఒక మెలిక కలదు. ఇంధనమును గాలితో కలుపు కార్బురేటరులో ఆ ఇంధనము ఆవిరియగుచు వేడిని హరించుటచే, గాలిలో తేమ యున్నపుడు, 20 డిగ్రీల దినమున సైతము లోపల మంచు పేరుకొనవచ్చును. థ్రాటిలు మూసి జారునపుడే ఈ అపాయము మిక్కుటము. పైగా ఇంజను చల్లబడును. కావున కార్బురేటరుకు వేడిగాలి నిచ్చుచు, నడుమ నడుమ థ్రాటిలు తెరచి ఇంజనును మేల్కొల్పుచుండవలెను. మరచినచో నటన నిజమగును.

సెస్నా 172 వంటి విమానము ఇంజను లేకుండ ప్రతి వేయి అడుగుల ఎత్తునకు సుమారు 1.5 నాటికల్ మైళ్లు జారగలదు. ఆ కొద్ది దూరములోనే చోటు వెదకి, గాలి నెరిగి, ఇంధనపు మీటలు సరిచూచి దిగవలెను. బిడ్డలను విమానవిద్యకు పంపదలచిన తల్లిదండ్రులు, పాఠశాల భవనములను, రుసుములను విచారించునపుడే, ఈ పాఠమును అచ్చట ఎన్ని మారులు చేయింతురో అడిగి తెలిసికొందురు గాక.