పిల్లల బొమ్మలు – దాచిన చేతులు

పిల్లలు గీసే పిచ్చిగీతలకు కూడా ఒక చరిత్రా అని మిత్రులు అనుకోవచ్చు. రాజుల శాసనాలకూ, కవుల తాళపత్రాలకూ ఉన్నట్టు వీటికి వరుసైన చరిత్ర లేని మాట నిజమే. పిల్లలు అన్ని కాలాల్లోనూ గీశారు. పెద్దలు దాచలేదు, అంతే. మన దేశంలో అయితే దాచడానికి వీలున్న వస్తువు మీద వాళ్ళు గీసిందే తక్కువ. ఇసుకలో వేలితో దిద్దినది చేత్తో తుడిస్తే పోయేది. పలక మీది ఏనుగు తడిగుడ్డకు బలి. గోడ మీది బొగ్గుగీతలు పండక్కి కొట్టే సున్నం కింద కలిసిపోయేవి. కాగితం ఖరీదుగా ఉన్న రోజుల్లో దాన్ని పిల్లవాడి చేతికిచ్చిన ఇల్లు అరుదు.

కాబట్టి ప్రపంచంలో ఇప్పటికి మిగిలిన పాత బొమ్మలు చాలావరకు అనుకోకుండా మిగిలినవే.

రష్యాలో నొవ్గొరొద్ అనే పాత నగరం ఉంది. అక్కడి తవ్వకాల్లో 1951 నుంచి బర్చ్ చెట్టు బెరడు మీద రాసిన జాబులు బయటపడుతూ వచ్చాయి. కాశ్మీర పండితులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం వంటిదే ఇదీ. సిరా అక్కరలేదు, మన ఘంటం లాంటి మొనదేలిన పనిముట్టుతో గీసేవారు. 1956లో దొరికిన కొన్ని బెరడుముక్కలు ఒన్‌ఫీమ్ అనే కుర్రవాడివి. పదమూడో శతాబ్దం మధ్యకాలానివనీ, వాడికి ఆరేడేళ్ళు ఉండవచ్చుననీ పండితుల అంచనా. పాపం అక్షరమాల దిద్దమని కూర్చోబెట్టినట్టున్నారు. నాలుగక్షరాలు దిద్దేసరికి విసుగు పుట్టి, గుర్రమెక్కి శత్రువును ఈటెతో పొడుస్తున్న వీరుణ్ణి గీశాడు. పక్కన రాసుకున్నది తన పేరే. మరో ముక్క మీద ఒక నాలుగుకాళ్ళ జంతువు, అది తానే అడవిమృగమని చెప్పుకుంటున్నట్టు ఒక రాత, ఒక నేస్తానికి దండాలు. మనుషుల చేతులకు వేళ్ళు మాత్రం ఒకచోట మూడు, ఇంకోచోట అంతకు రెట్టింపు! మన మనవలు వేసే బొమ్మల్లోనూ ఇదే లెక్క కదా. తల్లిదండ్రులు వీటిని భద్రం చేసిన దాఖలా ఏమీ లేదు. తడిమట్టిలో గాలి చొరబడక కుళ్ళకుండా ఉన్నాయి.

రెండో ఉదాహరణ మన ఉద్యోగులకు బాగా నచ్చుతుంది. చార్లెస్ డార్విన్ జాతుల పుట్టుక మీద రాసిన మహాగ్రంథం 1859లో అచ్చయింది. అచ్చయిన తరువాత చేతిరాత ప్రతితో ఆయనకు పని లేకపోయింది. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు ఇంట్లో పిల్లలకు చిత్తుకాగితాలయ్యాయి. మన ఆఫీసుల్లో పాత సర్క్యులర్ల వెనుకవైపు మనం నోట్సు రాసుకోలేదూ, అలాగే. పిల్లలు వాటి మీద పండ్లూ కూరగాయలూ సైనికులై యుద్ధం చేసుకుంటున్నట్టు బొమ్మలు వేశారు. కుటుంబం వాళ్ళు ఆ బొమ్మలను ముద్దుగా దాచుకున్నారు. సుమారు ఆరువందల పుటల ఆ రాతప్రతిలో నేడు మిగిలినవి కొన్ని పదుల పుటలే, వాటిలో కొన్ని కేవలం ఈ బొమ్మల పుణ్యాన మిగిలాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇప్పుడు వాటిని జాగ్రత్త చేస్తోంది. తండ్రి రాత పిల్లల గీత వల్ల బతకడం చిత్రమే.

పెద్దలు కావాలని దాచడం, గోడకు పెట్టి చూపడం ఆ తరువాతి సంగతి. ఇటలీలో కొర్రాదో రిచ్చీ అనే కళాచరిత్రకారుడు ఒకనాడు వానకు ఒక వసారా కింద తలదాచుకుని, గోడ మీది పిల్లల గీతలు చూసి ఆశ్చర్యపోయి 1887లో పిల్లల కళ మీద ఒక పుస్తకం ప్రకటించాడు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లలకు చిత్రకళా తరగతి మొదలుపెట్టాడు. మన దేశంలో కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. మరుసటి ఏడాదికి విదేశాల పిల్లలూ అందులో చేరారు.

చిజెక్ దగ్గర చదువుకున్నవారిలో ఫ్రీడ్ల్ డికర్ ఒకరు. యూదురాలు. పెళ్ళి తరువాత ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్. 1942 చివర నాజీలు ఆమెను భర్తతో సహా టెరెజీన్ నిర్బంధ శిబిరానికి పంపారు. తన సామానులో ఆమె బట్టలకంటే బొమ్మలకు పనికొచ్చే సరంజామా ఎక్కువ పట్టుకెళ్ళిందంటారు. తల్లిదండ్రులకు దూరంగా గదుల్లో కుక్కిన పిల్లలకు అక్కడ బొమ్మలు నేర్పింది. కాగితం లేదు. వాడేసిన ఫారాల వెనుకవైపు, పొట్లాల కాగితం, ఏది దొరికితే అది. ప్రతి బొమ్మ మీదా పిల్లలచేత పేరు రాయించేది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. బొమ్మలు రెండు పెట్టెల్లో శిబిరంలోనే ఉండిపోయి, యుద్ధం ముగిశాక 1945లో ప్రాగ్ చేరాయి. సుమారు 4,500 బొమ్మలు. నేడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లల్లో అత్యధికులు తిరిగి రాలేదు. చాలామంది విషయంలో లోకంలో మిగిలిన చేతిగుర్తు ఆ ఒక్క కాగితమే. పేరు రాయించి ఉండకపోతే అవి ఎవరివో చెప్పే దారి ఉండేది కాదు.

ఇది చదివాక మీ ఇంట్లో ఉన్న బొమ్మలను ఒకసారి తిరగేసి చూడండి. వెనుక పేరు, తేదీ, వయసు ఉన్నాయా? లేకపోతే ఇవాళే మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. బాల్‌పెన్ను వద్దు, అచ్చు ముందువైపుకు లేస్తుంది. ఆ బొమ్మ ఏమిటని పిల్లవాడు చెప్పాడో ఆ మాట కూడా వాడి మాటల్లోనే రాయండి. పదేళ్ళ తరువాత వాడికే గుర్తుండదు.

రికార్డు రూములో పనిచేసినవారికి మిగతాది కొత్తగా చెప్పనక్కరలేదు. గుండుసూది తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. సెల్లోటేపు కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి, ఊడిపోయినా మరక వదలదు. మైదా జిగురుకు పురుగు చేరుతుంది. చౌకరకం కాగితం దానంతటదే పసుపెక్కి పెళుసవుతుంది కనుక దాన్ని మంచి కాగితాల మధ్య పెట్టకుండా వేరుగా ఉంచాలి. మైనపు రంగుల బొమ్మలు ఒకదానికొకటి అంటుకుంటాయి, నడుమ ఒక తెల్లకాగితం వేస్తే చాలు. చుట్టచుట్టకుండా, మడవకుండా అట్టపెట్టెలో పరిచి, నేలకు ఎత్తుగా, బయటిగోడకు ఆనకుండా పెట్టాలి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి మైనం కరుగుతుంది, ఒకసారి అంటిన ప్లాస్టిక్కును ఇక విడదీయలేము. మనవడి మీది ప్రేమకొద్దీ చాలామంది చేసే పని ఇదే.

దాచడమొక్కటే చాలదు. పెట్టెలో పడుకున్న బొమ్మ పిల్లవాడికి కనిపించదు కదా. హాల్లో ఎండపడని గోడకు ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో నాలుగైదు తగిలించి, నెలకోసారి మార్చండి. స్కెచ్ పెన్నుల రంగు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. అటువంటిదాన్ని ఫోటో తీసి ఆ ఫోటోను తగిలించి, అసలును పెట్టెలో ఉంచడం మేలు. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ కాగితానికీ మధ్య అట్టచట్రం పెట్టమని పనివాడికి చెప్పండి. వానాకాలంలో అద్దానికి ఆనిన కాగితం చెమ్మకు అతుక్కుపోతుంది. ఏ బొమ్మ తగిలించాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. మనకు నచ్చింది వాళ్ళకు నచ్చకపోవచ్చు.

గోడ మీదే గీసిన సందర్భంలో, రంగులు వేయించే ముందు సెల్‌ఫోనుతో ఫోటో తీసి, కాగితం మీద అచ్చు వేయించి, తేదీ వేసి అదే పెట్టెలో పెట్టండి.