తెలుగు అక్షరాల కోసం ఫోన్ రూటింగ్

ఆండ్రాయిడ్ తొలి ఫోన్ 2008లో వచ్చినా, 2012 నాటి 4.1 వెర్షన్ దాకా అందులో తెలుగుకు చోటు లేదు. చివ్వెంల లాంటి ఊళ్లోనైనా హైదరాబాద్‌లోనైనా చాలా ఫోన్లలో అక్షరాలకు బదులు డబ్బాలే కనిపించేవి. ఒపెరా మినీ అక్షరాలను బొమ్మలుగా మార్చి చూపేది, అదీ ఆ బ్రౌజర్ వరకే. సిస్టమ్ ఫోల్డర్‌లో తెలుగు ఫాంట్ పెట్టాలంటే రూట్ అధికారం, అంటే సిస్టమ్ ఫైళ్లను మార్చే హక్కు, కావాలి. దానికి తరచూ అడ్డుపడేది ఫోన్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్: దానికి తాళం ఉంటే, తయారీదారు డిజిటల్ సంతకం లేని సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను అది నడవనివ్వదు. ఫోన్ల తయారీ సంస్థ హెచ్‌టీసీ 2011లో ఆ తాళం తీసే కోడ్ ఇవ్వసాగింది. తీస్తే ఫోన్‌లోని సమాచారం చెరిగిపోయేది, వారంటీకీ ముప్పే. ఇంత చేసినా వత్తులు విడివిడిగా పడేవి, వాటిని కూర్చే షేపింగ్ ఇంజిన్ లేక. సొంత భాష చదువుకోవడానికి ఇంత సాహసం చేయాల్సి రావడం అన్యాయమే. 4.1 వచ్చాక ఆ అవసరం తీరింది, పాత వెర్షన్‌లోనే ఆగిపోయిన ఫోన్లకు తప్ప.